ఇసుక మెట్ట మీది గంట

సభకు పెద్దగా కూర్చున్న శ్రీ పల్లంరాజు గారికి, ముందు వరుసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి నా వంకే చూస్తున్న మెక్లీను దొరగారికి, సంఘపెద్దలకు, మెట్ట మీద దొరల కర్రలు మోసిన తమ్ముళ్ళకు, పడవ ఆపుకుని మరీ వచ్చిన గంగయ్య గారికి, గుమ్మం దగ్గరే నిలబడిపోయిన వీరవేణికి... లోపలికి వచ్చి కూర్చో వీరవేణీ, నీ మేకల్ని ఎవరూ ఎత్తుకుపోరు. (నవ్వులు) అందరికీ వందనాలు.

నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదండి. దేవుడు నాకు ఇచ్చిన మాటలు కొద్ది. అవి ప్రార్థనకీ బడిపిల్లలకీ సరిపోతూ వచ్చాయి. మా తమ్ముడు యెహెజ్కేలుకు దండలు వేసి, నరసాపురం లాకుల దగ్గర క్లబ్బువారు కొత్తగా తయారు చేసిన పచ్చగడ్డి మైదానానికి మేస్త్రీగా సాగనంపుదామని మీరంతా ఈ బడి పాకలో కూడారు. మీ అభిమానానికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. అయితే ఆ దండలు వాడిపోకముందే ఒక సంగతి చెప్పాలి. మొన్న శనివారం పొద్దున మెట్ట మీద ఏం చూశానో, ఆ సాయంత్రం మా ఇంట్లో ఏం అనుకున్నామో చెప్పి కూర్చుంటాను.

శనివారం పొద్దు మామూలు పొద్దే. కోడి కూయకముందు లేచి, దీపం వెలిగించకుండానే మోకరించాను. చీకట్లో ప్రార్థన చేసుకుంటే పక్కవాళ్ళకి నిద్ర చెడదు. మా మరదలు సువార్తమ్మ చద్దన్నంలో తరవాణి పోసి, ఉప్పుగల్లు వేసి, ఉల్లిపాయ చితక్కొట్టి పైన పెట్టి, ముంత మూతికి గుడ్డ కట్టింది. కట్టి, పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి ముంత అక్కడే ఉంది. తమ్ముడు లేడు.

"చూశారా వదినగారూ," అంది. "ఈయన అన్నం ఇంట్లో వదిలేసి వెళ్తారు గానీ, ఆకలి మాత్రం వెంట తీసుకెళ్తారు."

ఎవరిచేతనైనా పంపొచ్చు. పంపలేదు. ముంత చంకన పెట్టుకుని నేనే బయల్దేరాను.

మా పేట నుంచి మెట్ట కోసెడు దూరం. అంత దగ్గర్లో ఉండి కూడా, అక్కడి పెద్ద ఇసుక దిబ్బ దాటి సముద్రం ముఖం నేను చూసి నలభై ఏళ్ళయింది. ఎందుకో ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు. ఉప్పెన వచ్చిన ఏడు మా అమ్మా నాన్నా ఒడ్డున ఉప్పుమళ్ళలో పనికి ఉన్నారు. నీళ్ళు తీశాక నేనూ, చెల్లెలు దేవకుమారీ, నా చంకలో యెహెజ్కేలూ మిగిలాం. ఆ రాత్రి గురించి ఇంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను.

చవిటి నేల దాటితే మొగలి పొదలు. వాటి ముళ్ళ చివర మంచు బొట్లు ఇంకా రాలలేదు. ఆ తరవాత ఇసుక. పొద్దున్నే ఇసుక మీద నడిస్తే ఆరేసిన తడి చీర మీద నడిచినట్టు చల్లగా ఉంటుంది. బాలబంద తీగకు ఊదా పువ్వులు అప్పుడే విచ్చుతున్నాయి. రావణాసురుడి మీసాలంటాం చూడండి, ఆ గడ్డి ఎండి, బంతుల్లా చుట్టుకుని, గాలికి దొర్లుకుంటూ నాకంటే ముందు పోతోంది. దాని వెనక మేకలు. మేకల వెనక వీరవేణి.

"ఏంటండి జ్ఞానమ్మగారూ, దారి తప్పారా?" అంది.

"లేదమ్మా. అన్నం దారి తప్పితే తీసుకొస్తున్నాను," అన్నాను.

దిబ్బకు ఇవతల పల్లంలో యెహెజ్కేలు తాడు కట్టిన తడి గోనె లాగుతున్నాడు. చిన్న చెంబు పట్టేంత గుంట, అందులో జెండా కర్ర. దాని చుట్టూ ఉన్న ఇసుకను గోనెతో వలయం మీద వలయంగా చదును చేస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తాడు. చివరికి తన అడుగుజాడ కూడా అందులో మిగలదు. సాయంత్రానికి దాని నిండా అడుగులే. రాత్రి గాలి వచ్చి దిబ్బ అంచును ఇటు నుంచి అటు జరుపుతుంది. తెల్లారి మళ్ళీ గోనె. ఇరవై ఏళ్ళకు పైగా మా తమ్ముడి పొద్దులన్నీ ఇలా చెరిగిపోతూ వచ్చాయి. ఒక్కనాడూ వాడు విసుక్కోగా నేను వినలేదు.

నన్ను చూసి గోనె వదిలేశాడు.

"అక్కా, నువ్వెందుకొచ్చావ్? ఇంకో నాలుగడుగులు వేసి దిబ్బెక్కితే సముద్రం కనపడుద్ది."

"నేను ఇవతలే కూర్చుంటాలే. తిను," అన్నాను.

వాడు తింటుంటే నేను ఇసుకలో కూర్చున్నాను. కూర్చుంటే ఆ మెట్ట కథంతా మనసులో కదిలింది.

ఈ ఆట ఏంటో తెలియని ఆడవాళ్ళు కొందరు ఇక్కడ ఉన్నారు, వాళ్ళ కోసం చెప్తాను. కర్రతో బంతిని కొట్టి, దూరాన ఉన్న గుంటలో పడెయ్యాలి. అక్కణ్ణుంచి ఇంకో గుంటకి. తక్కువ దెబ్బల్లో వేసినవాడిది గెలుపు. దొరలు దాన్ని గోల్ఫు అంటారు, మన పేటలో గుంటల ఆట అంటారు. మెక్లీను దొరగారు కొబ్బరిపీచు వర్తకానికి ఈ సీమకు వచ్చిన కొత్తలో ఒకనాడు గుర్రం మీద ఒడ్డుకు పోయి, మెట్టను చూసి, దిగి, టోపీ తీసి, ఇసుకలో కూలబడిపోయారట. గుర్రం చూసుకునేవాడు వడదెబ్బ అనుకుని నీళ్ళకి పరిగెత్తాడట. (నవ్వులు) వడదెబ్బ కాదండి. ఆయన పుట్టిన ఊళ్ళో కూడా సముద్రానికీ పంటచేలకీ మధ్య ఇలాంటిదే ఒక నేల ఉందట. నాగలికి పనికిరాదు, ఇంటికి పనికిరాదు. గాలి మలిచి, గొర్రెలు మేసి, అలా ఉండిపోయిన నేల. ఈ ఆట అలాంటి నేల మీదే పుట్టిందట. అందుకని ఇక్కడ ఆయన దేన్నీ తవ్వించలేదు, పూడ్పించలేదు. దిబ్బ ఉన్నచోట దిబ్బనీ, పల్లం ఉన్నచోట పల్లాన్నీ ఒప్పుకుని గుంటలు పెట్టుకున్నారు.

ఆ ఒప్పుకోవడమే ఆ ఆటకు అందమని నాకు నెమ్మది మీద తెలిసింది. దొరలు ఆడుతుంటే పక్కనే వలలు ఆరుతుంటాయి, మేకలు గడ్డి కొరుకుతుంటాయి, పల్లెవాళ్ళు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని అడ్డంగా నడిచిపోతుంటారు. ఎవరినైనా సమాధుల దొడ్డికి మోసుకెళ్తుంటే ఆట ఆగిపోతుంది, టోపీలు చేతుల్లోకి వస్తాయి, మన పాట దూరమై గాలిలో కలిసిపోయాక గానీ మళ్ళీ కర్ర లేవదు. గాలి ఎదురైతే బంతిని గాలి కిందనుంచి, నేలను రాసుకుంటూ పంపాలి. ఎక్కడ పడితే అక్కణ్ణుంచే కొట్టాలి. పీత బొరియలో పడ్డా, మేక పెంటికల్లో పడ్డా అంతే.

మా దేవకుమారి ఒకసారి దొరగారిని అడిగింది, "చక్కగా కొట్టిన బంతి కూడా బొరియలో పడితే అన్యాయం కదండీ?" అని.

"అన్యాయమేనమ్మా. అందుకే పొద్దున్నే లేచి వస్తాం," అన్నారాయన. (నవ్వులు)

ఆ మెట్ట మీద అన్నిటికంటే పెద్ద దిబ్బ ఒకటుంది. దాని దగ్గర కొట్టేవాడికి గుంట కనపడదు. అవతల, సముద్రం వైపు వాలులో ఉంటుంది. ఇవతల నుంచి నమ్మి కొట్టాలి. ముందు వెళ్ళినవాళ్ళు ఇంకా అక్కడే ఉంటే దెబ్బ తగులుతుంది గనక, వాళ్ళు ఆట ముగించి పక్కకు తప్పుకున్నాక గంట కొడతారు. అది వినపడితేనే వెనకవాళ్ళు కర్ర ఎత్తాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పాత ఓడ గంట అది. దిబ్బ నెత్తిన ఒక పక్కగా తాటిదుంగకు వేలాడదీశారు. గాలి ఇటు ఉన్న పొద్దుల్లో మా పేటలోకి కూడా సన్నగా వినపడుతుంది. గంజి వారుస్తూ విని, తమ్ముడు బాగానే ఉన్నాడు అనుకునేదాన్ని.

ఇప్పుడు కొత్త రబ్బరు బంతులు వచ్చాయి. కొడితే అవి ఆకాశంలోకి లేచి ఎంతో దూరం పోతాయట. వాటికి తగిన నేల కావాలన్నారు కుర్ర దొరలు. లాకుల దగ్గర మామిడితోటలో నడుమనున్న చెట్లు కొట్టించి, మన్ను పోయించి, రాతిరోలు దొర్లించి, కాలవ నీళ్ళు పెట్టి గడ్డి పెంచారు. నేను వెళ్ళి చూశాను. తప్పు పట్టను, అందంగానే ఉంది, ఉతికిన దుప్పటి పరిచినట్టుంది. ఏ గుంటైనా ఎక్కణ్ణుంచైనా కనపడుతుంది. చుట్టూ ముళ్ళతీగ. వల ఆరేసేవాళ్ళు లేరు, తట్ట మోసేవాళ్ళు లేరు. గడ్డి కోసే యంత్రాన్ని ఎద్దులు లాగుతాయి, గిట్టలు దిగబడకుండా వాటి కాళ్ళకి తోలుజోళ్ళు తొడుగుతారు.

ఆ కబురు చెప్తే వీరవేణి చాలాసేపు ఆలోచించింది. "నా కాళ్ళకే జోళ్ళు లేవండి. ఎద్దుగా పుట్టాల్సింది," అంది. (నవ్వులు)

క్రితం బుధవారం అక్కడ మొదటి ఆట. బంతి పెట్టడానికి యెహెజ్కేలును పిలిచారు. తడి ఇసుకతో పిచ్చుకగూడంత కుప్ప చేసి, దాని మీద బంతి నిలబెట్టి, ఎటు కొట్టాలో దొరకు వేలితో చూపించాలి. మెట్ట మీద సముద్రపు గాలి బంతిని ఎప్పుడూ ఉత్తరానికి నెడుతుంది. అందుకని జెండా మీదికి కాకుండా ఒకింత దక్షిణంగా చూపించడం వాడికి అలవాటు. ఆ రోజూ చేతికి వచ్చినట్టు అలాగే చూపించాడు. తోటలో గాలి లేదు. ఆడుతున్న కుర్ర దొరగారు వాడు చూపించిన వైపుకే చక్కగా కొట్టారు. దక్షిణాన ఏముందండి? కాలవ. కాలవలో? మన గంగయ్య గారి కుండల పడవ. (నవ్వులు)

గంగయ్య గారూ, ఆ రోజు ఏమన్నారో మీరే చెప్పండి. సిగ్గుపడుతున్నారు. నేనే చెప్తాను. పగిలిన కుండలోంచి బంతి తీసి పైకెత్తి చూపిస్తూ, "ఒరే యెహెజ్కేలూ, ఇన్నేళ్ళు సముద్రం పక్కన ఆడారు, ఒక్క చేపకీ దెబ్బ తగల్లేదు కదరా. ఇక్కడ మొదటి దెబ్బకే నా కుండ పోయిందేంట్రా?" అన్నారు.

(చాలాసేపు నవ్వులు)

అందరూ ఇలాగే నవ్వారు. కొట్టిన దొరగారూ నవ్వారు. యెహెజ్కేలూ నవ్వాడు. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని, కలుపుతూ కలుపుతూ, "అక్కా, అక్కడ గాలి లేదే," అన్నాడు.

అయినా మేస్త్రీ పని వాడికే ఇవ్వడం క్లబ్బువారి మంచితనం. నరసాపురంలో పెంకుటిల్లు కూడా ఇస్తామన్నారు. వాడు సరేనన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. సముద్రానికి దూరంగా, గట్టి కప్పు కింద అక్కను ఉంచాలని. నేను కూడా ఇన్నేళ్ళు దేవుణ్ణి అదే అడిగాను. అడిగింది దొరికింది. దొరికాక మోకరిస్తే స్తోత్రం అన్న మాట నోటికి రాలేదు.

ఇటు పల్లంరాజు గారు కూడా ముందే చెప్పారు. మెట్ట వారిది. "చూసుకునే మనిషి ఉంటే మెట్టను మేకలకీ వలలకీ ఆటకీ ఇలాగే వదిలేస్తాను. మనిషి లేకపోతే వానలకి సరుగుడు నాటించేస్తాను," అన్నారు. అది న్యాయమైన మాటేనండి. తమ్ముడు వెళ్తే మెట్ట పోతుంది, ఉంటే నా నిద్ర పోతుంది. శనివారం పొద్దున ఇసుకలో కూర్చుని నేను తిప్పి తిప్పి చూసుకుంటున్నది ఇదే.

అప్పుడు మెక్లీను దొరగారు వచ్చారు. నన్ను చూసి టోపీ తీసి, "అమ్మగారూ, ఒక్క దెబ్బ చూసి వెళ్ళండి," అన్నారు.

పెద్ద దిబ్బకు ఎదురుగా యెహెజ్కేలు పిచ్చుకగూడు కట్టి, చెట్టుపాల జిగురుతో చేసిన పాతరకం బంతి దాని మీద పెట్టాడు. దొరగారు కొట్టారు. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. బంతి దిబ్బ నెత్తిని రాసుకుంటూ పోయి, అవతల వెలుతురులో కలిసిపోయింది. ఆ కాస్తసేపు మెట్టంతా చెవి ఒగ్గి ఉన్నట్టుంది.

"ఎక్కడ పడిందండీ?" అన్నాను.

"తెలీదమ్మా. వెళ్తే గానీ తెలీదు."

నేను లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను. ఖాళీ ముంత చేతిలోనే ఉంది. దిబ్బ ఎక్కుతుంటే ఇసుక కాలి కింద నుంచి జారిపోతుంది, ఎక్కినంతా దిగినట్టుంటుంది. యెహెజ్కేలు నా చెయ్యి పట్టుకున్నాడు. ఒకప్పుడు వాణ్ణి నేను పట్టుకున్న చెయ్యే అది. తల వంచుకుని ఎక్కాను. పైకి వచ్చాక తల ఎత్తాను.

సముద్రం ఉంది.

కోపంగా లేదు. నన్ను గుర్తుపట్టినట్టూ లేదు. కాగబోయే పాల మీద మీగడ కదిలినట్టు నెమ్మదిగా కదులుతోంది. ఎండ దాని మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఒడ్డుకు నడిచి వస్తోంది. నీటి అంచున ఎర్ర పీతలు, మనం పువ్వులు చల్లినట్టు, ఒక్కసారి కనపడి ఒక్కసారి మాయమవుతున్నాయి. కింద పల్లెలో ఇళ్ళ మీద పొగ. నేను ఇన్నేళ్ళు కళ్ళు మూసుకుంటే కనపడే సముద్రం ఇది కాదు. ఇదీ అదేనని తెలుసు. రెండూ ఒకటేనని తెలిసి కూడా నిలబడగలిగాను. అమ్మా నాన్నల పేర్లు మనసులో చెప్పుకున్నాను. నీళ్ళ మీది గాలి నా కొంగు తీసి భుజం మీద వేసింది.

బంతి గుంటకు చాలా దూరంలో, బాలబంద తీగల్లో చిక్కుకుని ఉంది. దొరగారు దాన్ని కదపకుండా ఉన్నచోటు నుంచే కొట్టారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ. గుంటలో పడ్డాక నా వైపు తిరిగి, "గంట మీరు కొట్టండమ్మా," అన్నారు.

తాడు లాగాను. మా వంటింట్లోకి సన్నగా వచ్చే గంటే అది. దగ్గర నుంచి వింటే గుండెలోకి దిగుతుంది. కింద పల్లెలో చేపలు ఆరబెడుతున్న ఒకామె తల ఎత్తి చూసింది. అది ఆట గంటని ఆమెకు తెలుసు. రోజూ వినేదే. అయినా తల ఎత్తింది.

మా ఉప్పెన నాడు తల ఎత్తడానికి ఏ చప్పుడూ లేదు.

కొత్త మైదానానికి గంట అక్కర్లేదండి. అక్కడ అందరికీ అందరూ కనపడతారు. ఈ ఒడ్డుకి కావాలి.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. దేవకుమారి కూడా బడిలో పాఠాలు చెప్పి వచ్చింది. సువార్తమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. ప్రార్థన అయ్యాక నేను, "యెహెజ్కేలూ, నువ్వు నరసాపురం వెళ్ళొద్దు," అన్నాను.

చేట ఆగిపోయింది. "పెంకుటిల్లండి, వదినగారూ," అంది సువార్తమ్మ మెల్లగా.

"పెంకుటిల్లేనమ్మా."

"నీకోసమే ఒప్పుకున్నానక్కా," అన్నాడు వాడు.

"తెలుసురా. నాకోసమే మానుకో."

దేవకుమారి నా మొహంలోకి చూసింది. "మరి మళ్ళీ ఉప్పెన వస్తేనో?"

"వస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వచ్చేముందు గంట కొట్టే మనిషి ఒకరు ఉండాలి కదే," అన్నాను.

సువార్తమ్మ చేట మళ్ళీ ఎత్తి, "అయితే నాకు మేకలు కావాలండి. ఆ వీరవేణి గొప్పలు వినలేక చస్తున్నా," అంది. (నవ్వులు) అప్పుడు యెహెజ్కేలు నవ్వాడు. బుధవారం నవ్విన నవ్వు కాదు అది.

మేము అనుకున్నది ఇదండి. మేస్త్రీ పని వద్దని క్లబ్బువారికి నిన్ననే వాడు దండం పెట్టి చెప్పి వచ్చాడు. వారూ మంచి మాటే అన్నారు. సభకు పిలుపులు అప్పటికే వెళ్ళిపోయాయి గనక దండలు వేయించుకున్నాం. వాటిని వెనక్కి ఇవ్వం. (నవ్వులు) రాజుగారూ, మీరు అడిగిన మనిషి దొరికాడు. సరుగుడు మొక్కలు ఇంకెక్కడైనా నాటించండి. (పల్లంరాజు గారు నవ్వుతూ చేతులు జోడించారు.) మెక్లీను దొరగారు, పాత బంతిని వదల్లేని మిగతా దొరలు మెట్ట మీదే ఆడతారు. కర్రలు మోసిన తమ్ముళ్ళు ఇక మోయడమే కాదు, పొద్దువాలాక తామూ ఆడుకోవచ్చునని దొరగారు మాట ఇచ్చారు. యెహెజ్కేలుకు జీతం తగ్గుతుంది. తగ్గనివ్వండి. పేటలో ఇల్లు దేవకుమారికి వదిలేస్తాం, అది బడికి దగ్గర. పెద్ద దిబ్బ నెత్తిన, ఆటకు అడ్డం రాకుండా గంటకు చేతికందే దూరంలో, ఒక తాటాకుల ఇల్లు వేసుకుంటాం. అందులో సముద్రం వైపు తలుపు దగ్గర వేసే మంచం నాది.

ఇంత ఓపికగా విన్న పెద్దలకు, పాయసం వండిన అమ్మలకు, కుండ పోయినా కోపం తెచ్చుకోని గంగయ్య గారికి నా కృతజ్ఞతలు. నా వంతు ఆట అయింది. పక్కకు తప్పుకుని గంట కొడుతున్నాను. వెనకవాళ్ళు రావచ్చు.

సెలవు.